జపాన్ నౌకాదళపు కర్రీ రైస్: బెరిబెరిని తగ్గించింది ఆ పులుసేనా?

మీరు ఒకే ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు అడిగారు. జపాన్ నావికులు ప్రతి శుక్రవారం కర్రీ రైస్ (అన్నం మీద చిక్కటి కర్రీ పులుసు పోసిన వంటకం) తింటారని, కాళ్లతో మొదలై చివరికి గుండెను దెబ్బతీసే బెరిబెరి అనే జబ్బు ఒకప్పుడు వాళ్లను పీడించేదని, అది ఈ వంటకంతోనే పోయిందని ఒక వీడియోలో చూశానన్నారు. అది నిజమా? పోషకాల లెక్కన మంచి భోజనమేనా? మాంసం లేకుండా వండుకుంటే ప్రయోజనం ఉంటుందా? మధుమేహం ఉన్న మీ నాన్నగారికి పెట్టవచ్చా?

ముందు సూటిగా చెప్పేస్తాను. బెరిబెరిని తగ్గించింది కర్రీ కాదు. అన్నంలో కలిపిన బార్లీ, దానితోపాటు కంచంలో పెరిగిన మాంసం, చేపలు, చిక్కుళ్లు. ఆ ఘనతను తర్వాతి తరాలు కర్రీకి అంటగట్టాయి. పోషకాల మాటకొస్తే, ఒళ్లు వంచి పనిచేసే యువకుడికి ఇది నిండైన పూట భోజనం. కూర్చుని పనిచేసేవారు అన్నం సగానికి తగ్గించుకుంటే మంచిది. శాకాహారంగా నిక్షేపంగా వండుకోవచ్చు. నాన్నగారి సంగతి చివర్లో చెబుతాను, అక్కడ కొంచెం లెక్క అవసరం.

నేను జపాన్‌లో యోకొహామా దగ్గర ఒక కర్మాగారం క్యాంటీన్‌కు మెనూలు వేసే పోషకాహార నిపుణురాలిని. మా దగ్గర కర్రీ పెట్టే రోజున వరుస బయటి దాకా ఉంటుంది, గిన్నెలు ఖాళీగా తిరిగి వస్తాయి. కాబట్టి ఈ వంటకం మీద నాకు ప్రేమ ఉంది. కానీ ప్రేమ వేరు, చరిత్ర వేరు.

అసలు జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

పాలిష్ పట్టిన తెల్ల బియ్యం నుంచి. పాతకాలపు ‘ఎదో’ నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, తెల్లన్నం తినగలగడం హోదా. పల్లెల నుంచి అక్కడికి వచ్చిన సమురాయి యోధులకు కాళ్లు బరువెక్కేవి, తిమ్మిర్లు పట్టేవి. సొంత ఊరికి వెళ్లి ముతక తిండి తింటే తగ్గిపోయేది. అందుకే దాన్ని ‘ఎదో జబ్బు’ అనేవారు. 19వ శతాబ్దం రెండో సగంలో నౌకాదళం ఏర్పడినప్పుడు పేదింటి కుర్రాళ్లకు అందులో కనిపించిన ఆకర్షణల్లో ఒకటి మూడు పూటలా తెల్లన్నం. అప్పటి ఏర్పాటు ఇంకో రకంగానూ కీడు చేసింది. అధరువుల, అంటే అన్నంలోకి కూరల వంటి వాటి, ఖర్చును నావికులకు డబ్బు రూపంలో ఇచ్చేవారు. వాళ్లు ఆ డబ్బు మిగుల్చుకుని ఇంటికి పంపేవారు. కంచంలో మిగిలేది అన్నం, ఊరగాయ. ఫలితంగా 1878లో నౌకాదళంలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు బెరిబెరి పాలయ్యారు.

కారణం మనకిప్పుడు తెలుసు. మనం తిన్న పిండిపదార్థం శక్తిగా మారాలంటే థయామిన్, అంటే బి1 విటమిన్, కావాలి. బియ్యంలో అది ఉండేది తవుడులో, మొలకలో. పాలిష్ పడితే రెండూ పోతాయి. శరీరంలో బి1 నిల్వ సుమారు 25, 30 మిల్లీగ్రాములే, రెండు మూడు వారాలకు మించి రాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్నం ఎంత ఎక్కువ తింటే బి1 అవసరం అంత పెరుగుతుంది. రోజంతా తాళ్లు లాగి, ఆకలికి తట్టెడు తెల్లన్నం తిన్న నావికుడే ముందు పడిపోయేవాడు. మొదట కాళ్లు, ఆ తర్వాత వాపు, చివరికి గుండె.

తకాకి చేసిన పని

ఈ కథలో అసలు నాయకుడు తకాకి కనెహిరో అనే నౌకాదళ వైద్యుడు. 1875 నుంచి 1880 దాకా లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో చదువుకున్నాడు. బ్రిటిష్ నావికుల్లో బెరిబెరి లేదని, జపాన్ నౌకాదళంలో కూడా మంచి భోజనం చేసే అధికారుల్లో అది తక్కువని గమనించాడు. తేడా కంచంలోనే ఉందని తేల్చుకున్నాడు.

1882 చివర ర్యూజో అనే శిక్షణ నౌక న్యూజిలాండ్, దక్షిణ అమెరికా, హవాయి మీదుగా తిరిగే సుదీర్ఘ యాత్రకు బయలుదేరింది. 376 మందిలో 169 మందికి బెరిబెరి వచ్చింది, 25 మంది చనిపోయారు. ఆ లెక్క పట్టుకుని తకాకి పైవాళ్ల చుట్టూ తిరిగి, 1884లో త్సుకుబా అనే నౌకను అదే దారిలో పంపించాడు. మారింది భోజనం ఒక్కటే: మాంసం, డబ్బాపాలు, రొట్టె. జబ్బుపడినవారు పదిహేను మంది అటూ ఇటూ, ఒక్కరూ చనిపోలేదు. ఆ జబ్బుపడినవారు కూడా కొత్త తిండి నచ్చక, ఇచ్చిన మాంసమో పాలో ముట్టనివాళ్లేనట. మెనూలు వేసే నాకు ఈ కథలో బాగా నచ్చే భాగం ఇదే. పోషకం కాగితం మీద ఉంటే చాలదు, గొంతు దిగాలి.

గొంతు దిగలేదు కాబట్టే తర్వాతి మార్పు వచ్చింది. నావికులకు రొట్టె అస్సలు రుచించలేదు. 1885లో రొట్టెను వెనక్కి నెట్టి, అన్నంలో బార్లీ కలపడం మొదలుపెట్టారు. అధరువులకు డబ్బిచ్చే పద్ధతిని కూడా అప్పటికే మాన్పించారు. ఆ ఏడాదికే నౌకాదళంలో బెరిబెరి నూటికి ఒకటి కంటే దిగువకు పడింది. తర్వాతి రోజుల్లో తకాకికి బ్యారన్ అనే ప్రభువుల బిరుదు దక్కితే జనం ఆయన్ను ‘బార్లీ బ్యారన్’ అని పిలిచారు.

ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. మాంసకృత్తులు తక్కువై, పిండిపదార్థాలు ఎక్కువైనందువల్ల జబ్బు వస్తోందని ఆయన నమ్మాడు. విటమిన్ అనే ఊహ కూడా లేని రోజులవి. అయినా మాంసకృత్తులు పెంచబోయి తెచ్చిన బార్లీ, చిక్కుళ్లు, మాంసంతో బి1 కూడా వచ్చేసింది. ఈ తప్పును పట్టుకునే భూసైన్యం వైద్యులు ఆయన్ను కొట్టిపారేశారు. జర్మనీలో చదివి వచ్చిన మోరి రింతారో వంటివారు బెరిబెరికి కారణం క్రిమి అయి ఉంటుందని పట్టుబట్టారు. ఈ మోరియే ఓగై పేరుతో ప్రసిద్ధుడైన రచయిత కూడా. 1904, 1905 సంవత్సరాల్లో రష్యాతో జరిగిన యుద్ధంలో సైన్యం తెల్లన్నంతోనే దిగింది. దాదాపు రెండున్నర లక్షల మంది సైనికులు బెరిబెరి పాలయ్యారు, సుమారు 27 వేల మంది చనిపోయారు. అదే యుద్ధంలో నౌకాదళానికి ఈ బెడద దాదాపు లేదు. 1910లో సుజుకి ఉమెతారో తవుడు నుంచి ఈ జబ్బును ఆపే పదార్థాన్ని వేరుచేశాక కూడా వాదన కొన్నేళ్లు సాగింది.

మరి కర్రీ ఎప్పుడు వచ్చింది?

కర్రీ జపాన్‌కు వచ్చింది భారతదేశం నుంచి కాదు, బ్రిటన్ నుంచి. డబ్బాల్లో పొడిగా వచ్చింది, మైదాతో చిక్కబరిచే పద్ధతితో సహా. నౌకాదళం మర్యాదల నుంచి యూనిఫాం దాకా బ్రిటిష్ వాళ్లను చూసి నేర్చుకుంది, వంట కూడా అలాగే అబ్బింది. 1908లో మైజురు నౌకాదళ శిబిరం వంటవాళ్ల కోసం అచ్చువేసిన పాఠ్యపుస్తకంలో కర్రీ రైస్ తయారీ ఉంది. గమనించండి, బెరిబెరి అదుపులోకి వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

ఆ తయారీ ఈనాటికీ పనికొస్తుంది. గోమాంసం లేదా కోడిమాంసం, క్యారెట్, ఉల్లి, బంగాళాదుంప, ఉప్పు, కర్రీ పొడి, మైదా, బియ్యం. పశువుల కొవ్వులో మైదాను వేయించి, కర్రీ పొడి వేసి, మాంసం ఉడికించిన రసంతో పలుచన చేయాలి. వేయించిన మాంసం, కూరగాయలు అందులో వేసి సన్నసెగ మీద ఉడికించాలి. క్యారెట్, ఉల్లి ఉడకబోతుండగా బంగాళాదుంప వేయాలి, లేకపోతే చితికిపోతుంది. అన్నాన్ని కూడా నీళ్లకు బదులు మాంసపు రసంలోనే వండమన్నారు. వడ్డించేటప్పుడు పక్కన ఊరగాయో చట్నీయో పెట్టమన్నారు.

మైదా వేయించే దశ దగ్గరే వంటవాడి పనితనం తెలిసిపోతుంది. కొవ్వులో పడగానే పిండి ముద్దకట్టి బరువుగా తిరుగుతుంది. కాసేపటికి నురగలాగా పొంగి పలుచబడుతుంది, పచ్చివాసన పోయి వేయించిన శనగపిండి వాసన మొదలవుతుంది. రంగు లేత గోధుమ నుంచి ఇటుక వైపు తిరుగుతున్నప్పుడే పొయ్యి కట్టేసి పొడి వేయాలి. మంట మీద ఉండగా వేస్తే పసుపు మాడి చేదెక్కుతుంది. ఈ చిక్కదనం ఓడ ఊగినప్పుడు పులుసు ఒలకకుండా చేసిన ఏర్పాటని చాలామంది చెబుతారు. నాకు నమ్మకం లేదు. బ్రిటిష్ వాళ్లు ఒడ్డున కూర్చుని తిన్న కర్రీ కూడా మైదాతో చిక్కబరిచిందే. ఓడ మీద ఆ చిక్కదనం కలిసివచ్చింది, అంతే.

శుక్రవారం సంగతి కూడా ఇలాంటిదే. సముద్రం మీద రోజులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి వారం గుర్తుండేందుకు ఈ ఆనవాయితీ పెట్టారంటారు. 1954లో ఏర్పడిన సముద్ర ఆత్మరక్షణ దళంలో, అంటే నేటి జపాన్ నౌకాదళంలో, మొదట శనివారం ఉండేదని, వారానికి రెండు రోజుల సెలవు వచ్చాక శుక్రవారానికి జరిగిందని చెబుతారు. పెద్ద వంటగది నడిపే మనిషిగా నాకు ఇంకో కారణం కూడా తోస్తుంది. వారాంతానికి మిగిలిన దుంపలు, ఉల్లిపాయలు, మాంసం ముక్కలు అన్నీ ఒకే గిన్నెలో చెల్లిపోతాయి, తోముకోవాల్సిన పళ్లేలూ తగ్గుతాయి. ఒక్కో ఓడది ఒక్కో రుచి. కాఫీ, చాక్లెట్, యాపిల్, జామ్, ఎవరి కిటుకు వారిది. నౌకాదళ స్థావరం ఉన్న యోకొసుకా నగరం 1999లో తనను ‘కర్రీ పట్టణం’గా ప్రకటించుకుంది. అక్కడ నౌకాదళపు కర్రీ అని అమ్మాలంటే పక్కన సలాడ్, పాలు ఉండాల్సిందే.

ఇక కంచంలో ఏముందో చూద్దాం

మా క్యాంటీన్ పరిమాణం ప్రకారం 300 గ్రాముల తెల్లన్నం, 70 గ్రాముల గోమాంసం, 80 గ్రాముల చొప్పున ఉల్లి, బంగాళాదుంప, 40 గ్రాముల క్యారెట్, బజారులో దొరికే కర్రీ ముద్ద (మైదా, కొవ్వు, కర్రీ పొడి, ఉప్పు కలిపి గట్టిపరిచింది) 20 గ్రాములు అనుకుందాం. మొత్తం 850 నుంచి 900 కిలోకేలరీలు. అందులో సగానికి పైగా అన్నానిదే. మాంసకృత్తులు 20 గ్రాములకు కాస్త పైన. కర్రీ ముద్దలో మూడో వంతు కొవ్వు, పదో వంతు ఉప్పు. అంటే ఆ 20 గ్రాములతోనే 7 గ్రాముల కొవ్వు, 2 గ్రాముల ఉప్పు లోపలికి వెళతాయి. పైన ఎర్రటి ఊరగాయ వేసుకుని, సాస్ పోసుకుంటే ఉప్పు 3 గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పేది 5 గ్రాముల లోపు.

ఇప్పుడు బి1 చూడండి, వీడియోలో చెప్పిన కథ ఇక్కడే కూలిపోతుంది. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో బి1 సుమారు 0.02 మిల్లీగ్రాములు. గోమాంసంలో 0.08 చుట్టూ. దుంపలు, ఉల్లి, మైదా అన్నీ కలిపినా ఈ కంచం మొత్తం 0.25 దగ్గర ఆగుతుంది. పెద్ద మగవాడికి రోజుకు కావలసింది 1.2 మిల్లీగ్రాముల ప్రాంతం. వారానికి ఒకసారి ఇది తిని బెరిబెరి తగ్గడం అసాధ్యం. గోమాంసం బదులు పంది మాంసం వేస్తే కథ మారుతుంది. అందులో 100 గ్రాములకు 0.7 నుంచి 0.9 దాకా ఉంటుంది కాబట్టి కంచం 0.7కు చేరుతుంది. కానీ 1908 నాటి పుస్తకం చెప్పింది గోమాంసం, కోడి.

అయినా కర్రీని తీసిపారేయను. బి1 నీళ్లలో కరిగిపోతుంది. కూరగాయలు ఉడికించి నీళ్లు పారబోసే వంటల్లో అది కాలువపాలవుతుంది. కర్రీలో ఆ నీళ్లే పులుసు కాబట్టి వేడికి నశించగా మిగిలినదంతా కడుపులోకే వెళుతుంది. పైగా బార్లీ కలిపిన అన్నం జిగురు తక్కువగా, ఒక రకమైన వాసనతో ఉంటుంది. ఘాటైన చిక్కటి పులుసు కింద ఆ వాసన తెలియదు. మా దగ్గర బార్లీ అన్నం విడిగా పెట్టిన రోజు మూతిముడిచే వాళ్లు కర్రీ రోజున అదే అన్నాన్ని మారు అడుగుతారు. నౌకాదళంలో కర్రీ నిలదొక్కుకోవడానికి ఇది సాయపడి ఉంటుందన్నది నా అనుమానం మాత్రమే.

బెరిబెరి పాతకాలపు జబ్బు అనుకోకండి. 1970వ దశకంలో జపాన్ యువకుల్లో మళ్లీ కనిపించింది. ఈసారి కారణం తెల్లన్నం ఒక్కటే కాదు, ఇన్‌స్టంట్ నూడుల్స్, తీపి పానీయాలతో కడుపు నింపుకోవడం.

మాంసం లేకుండా

పశువుల కొవ్వు బదులు నూనె లేదా నెయ్యి. మాంసపు రసం బదులు ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు, లేదా సన్నగా తరిగి ముదురు రంగు వచ్చేదాకా వేయించిన ఉల్లి. ఉల్లికి అరగంటైనా ఇవ్వండి, శాకాహార కర్రీకి నిండుదనం ఇచ్చేది అదే. మాంసం స్థానంలో ఉడికించిన శనగలు, సోయా చిక్కుళ్లు, పచ్చి బఠాణీలు వేయండి. వీటిలో బి1 గోమాంసం కంటే ఎక్కువే. పైన ఒక చెంచా వేయించిన నువ్వులు చల్లండి. శనగలు త్వరగా ఉడకాలని వంటసోడా మాత్రం వేయకండి, క్షారం తగిలితే బి1 చచ్చిపోతుంది.

బియ్యంలో మూడో వంతు బార్లీ కలపండి. బార్లీ గింజకు మధ్యలో లోతైన గాడి ఉంటుంది. పొట్టు తీసినా ఆ గాడిలో పై పొర కొంత మిగులుతుంది. బార్లీ దొరకకపోతే ఉప్పుడు బియ్యం మంచి ప్రత్యామ్నాయం. వడ్లను ఉడకబెట్టేటప్పుడే తవుడులోని బి1 గింజ లోపలికి దిగుతుంది కాబట్టి తర్వాత పాలిష్ పట్టినా చాలావరకు నిలుస్తుంది. గత శతాబ్దం తొలి సగంలో మన ఉత్తర కోస్తాలోనూ బెరిబెరి ఉండేది, ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలను అది పెద్దగా తాకలేదు. ఏ బియ్యమైనా నాలుగైదు సార్లు పిసికి కడగకండి, ఒకసారి తేలిగ్గా కడిగితే చాలు.

మీరు అడగలేదు గానీ, ఇది చెప్పకుండా ఉండలేను

‘మర్నాటి కర్రీ ఇంకా రుచి’ అనే మాట జపాన్‌లో ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. రుచి నిజమే. ప్రమాదమూ నిజమే. క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు మరిగించినా చావవు. గాలి తగలని చోటు దానికి ఇష్టం, 43 నుంచి 45 డిగ్రీల వేడిలో జోరుగా పెరుగుతుంది. చిక్కటి కర్రీ ఉన్న లోతైన గిన్నె అడుగు సరిగ్గా అలాంటి చోటే. పైన చల్లబడినా మధ్యలో గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంటుంది. రాత్రంతా పొయ్యి మీద వదిలేసి పొద్దున వెచ్చబెట్టి తిన్నవారికి సాయంత్రానికి కడుపునొప్పి, విరేచనాలు.

జపాన్‌లో పెద్ద వంటశాలలకు నియమం కచ్చితంగా ఉంది. వండినదాన్ని 30 నిమిషాల్లో 20 డిగ్రీలకు గానీ, 60 నిమిషాల్లో 10 డిగ్రీలకు గానీ దించాలి. ఇంట్లో అయితే వెడల్పాటి పళ్లేల్లోకి పలుచగా పోసి, ఐసు నీళ్ల మీద పెట్టి కలుపుతూ చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ వేడి చేసేటప్పుడు అడుగంటా గరిటె తిప్పుతూ గిన్నె మధ్యలో కూడా బుడగలు వచ్చేదాకా ఉంచండి. మైక్రోవేవ్‌లో కలపకుండా వేడి చేస్తే మధ్యలో చల్లగానే మిగిలిపోతుంది.

నాన్నగారికి

పెట్టవచ్చు, కానీ ఓడ మీది కంచం కాదు. ఈ భోజనంలో పిండిపదార్థం మూడు చోట్ల దాక్కుంటుంది: అన్నం, బంగాళాదుంప, మైదా. మూడింటినీ కలిపి ఒక్కటిగా లెక్కపెట్టాలి. వండిన అన్నం 150 గ్రాములు మించకుండా, అందులో మూడో వంతు బార్లీతో. బార్లీలో కరిగే పీచు ఉంటుంది, భోజనం తర్వాత చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా అది కొంత అడ్డుకుంటుంది. బంగాళాదుంప సగం తీసేసి ఆ చోట వంకాయ, బీన్స్, పుట్టగొడుగులు వేయండి. కర్రీ ముద్ద కొనకుండా పొడి, కొద్దిపాటి మైదాతో మీరే చేస్తే ఉప్పు, కొవ్వు మీ చేతిలో ఉంటాయి. చిక్కదనం కోసం ఉడికించిన శనగలు ఒక గుప్పెడు మెత్తగా నూరి కలిపితే మైదా ఇంకా తగ్గుతుంది. యాపిల్, తేనె, జామ్ వంటి తీపి కిటుకులు ఆయన గిన్నెకు వద్దు. ముందు సలాడ్ తినిపించి తర్వాత అన్నం పెట్టండి. భోజనమైన రెండు గంటలకు ఒకసారి చక్కెర చూసి, ఎక్కువగా ఉంటే మరుసటి వారం అన్నం 120 గ్రాములకు దించండి. ఆయన ఇన్సులిన్ తీసుకుంటున్నా, మూత్రపిండాల సమస్య ఉన్నా, ఈ మార్పులన్నీ వైద్యుడికి చూపించాకే మొదలుపెట్టండి. శనగలు, దుంపల్లోని పొటాషియం లెక్క అప్పుడు వేరుగా చూడాల్సి వస్తుంది.